తాడు అవతలి కొస

శనివారం సాయంత్రం ఆఖరి కారు కూడా షెడ్డులోకి పోయాక, గీతలాయన రంగుడబ్బాల తోపుడుబండి తోసుకుంటూ మూడో వంపు దగ్గరికి వచ్చాడు. నిన్న పొద్దున వేసిన తెల్లగీత ఎక్కడా కనపడటం లేదు. దాని మీద రబ్బరు నల్లగా, అట్టలు కట్టి పేరుకుపోయింది. రెండు రోజులుగా ముప్పై కార్లు అక్కడ అడ్డంగా జారాయి. వంపులో కారు ముక్కు లోపలికీ తోక బయటికీ తిరగాలి, వెనక చక్రాలు పొగ కక్కుతూ పక్కవాటంగా జారాలి. అదే ఈ పందెం. ఎవరు ముందు చేరారన్నది ఎవరికీ అక్కర్లేదు. ఎంత అడ్డంగా జారింది, ఎంత అంచు దాకా పోయింది, జతగా పోయేటప్పుడు వెనకకారు ముందుకారుకి ఎంత దగ్గరగా అంటుకుని పోయింది, ఇవి చూసి జడ్జీలు మార్కులేస్తారు. వంపు బయటి అంచున, గోడకి ముందు, ఇరవై మీటర్ల పొడుగున ఒక పట్టీ ఉంటుంది. కారు వెనకచక్రం ఆ పట్టీలోంచి పోవాలి. పట్టీ బయటిగీత దాటితే మార్కులు పోతాయి. ఆ గీతలు గియ్యడం అతని పని. అందుకే అందరూ గీతలాయన అంటారు. అసలు పేరు జీతం కాగితం మీదే ఉంది.

మోకాళ్ళ మీద కూర్చుని రేకుబిళ్ళతో రబ్బరు గీకాడు. దాంతోపాటే కింది పాతగీత కూడా పెచ్చులుగా ఊడొచ్చింది. చీపురుతో ఊడ్చాడు. తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా ఆగాడు. ఆ తరవాత ఇనపమేకు తీసుకుని పట్టీ చివరికి నడిచాడు. సూర్యుడు సరిగ్గా కళ్ళలోకి కొడుతున్నాడు. తారులో మేకు దింపే బెజ్జం కాలి బొటనవేలికి తగిలింది. దుమ్ము ఊది, మేకు దింపి, తాడు కట్టి, ఇవతలి కొస దాకా వెనక్కి వెనక్కి నడిచాడు. తాడుకి సుద్ద పట్టించి, బిగలాగి, వేలితో పైకెత్తి వదిలితే నేల మీద గీత పడుతుంది. దాని వెంట కుంచె పోతుంది.

నిజానికి ఇది ఇద్దరి పని. మూడేళ్ళ కిందటి దాకా అవతలి కొస అతని భార్య పట్టుకునేది. వేళ్ళు కోసుకోకుండా తాడు చివర ఒక పాతగుడ్డ చుట్టి ముడి వేసుకుంది. గీత పడ్డాక ప్రతిసారీ "వదిలేనా?" అని అరిచేది. చెప్పకుండా వదిలితే బిగలాగిన తాడు కొరడాలా వచ్చి ఇవతలివాడి వేళ్ళ మీద కొడుతుంది. అతను ఒక్కోసారి కావాలనే బదులు చెప్పేవాడు కాదు. "చెప్పవయ్యా మహానుభావా, నడుం పడిపోతోంది" అని తిట్టేది. ఇప్పుడు ఆ కొస మేకు పట్టుకుంటోంది. గుడ్డముడి అలాగే ఉంది. దానికి బెత్తెడు ఇవతల మేకు కడతాడు. మేకు ఏమీ అడగదు.

"ఏం గీతలాయనా, రేపు సీజను నీలం కారుదే అంటున్నారు."

వచ్చినవాడు మంటలాయన. మంటలార్పే ఎర్రసీసా పట్టుకుని వంపు దగ్గర నిలబడటం అతని పని. ఏడాదిలో ఒకసారి మంట వస్తుంది. మిగతా రోజులు మాటలు.

"ఎవరంటున్నారు?"

"అందరూ. అయిదు పందేల్లో నాలుగయ్యాయి. రేపు ఆఖరి జత గెలిస్తే కప్పు వాడిదే. మీ బావమరిదేగా, కాస్త నవ్వితే నీ సొమ్మేం పోయింది?"

"నాకు బావమరిది లేడు."

"మరి ఆ నీలం కారులో కూర్చునేదెవరు?"

"పొగ."

మంటలాయన పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళయ్యా" అని, సీసా భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

గీతలాయన కుంచె ముంచాడు. ఒక్క చుక్క అటూ ఇటూ పడకుండా ఇరవై మీటర్లూ వేశాడు. చూసి మెచ్చుకోవడానికి ఎవరూ లేరు. తను కూడా మెచ్చుకోలేదు. ఎండకళ్ళతో చూస్తే గీత తిన్నగానే ఉంది.

*

ఆదివారం గోడవెనక అతని చోటు, చేతిలో ఎర్ర అట్టబిళ్ళ, చెవి దగ్గర రేడియో. చక్రం గీత దాటితే బిళ్ళ ఎత్తాలి. జడ్జీలు దూరంగా మేడ మీద ఉంటారు. వాళ్ళకి కెమెరా ఉంది గానీ, పొగ లేచిందంటే కెమెరాకీ గుడ్డివాడికీ తేడా లేదు. అప్పుడు ఇతన్ని అడుగుతారు.

చాలామంది గీత దాకా రారు. గోడంటే భయం. అంచుకి ఒక గజం ఇవతలే జారి, బతికాం అనుకుంటూ పోతారు. గీతని నాకుతూ పోయేవాడు ఒక్కడే. నీలం కారు దూరంగా గేరు మార్చుకున్న చప్పుడు వినపడగానే మంటలాయన సీసా సర్దుకునేవాడు. అంత వేగంతో వచ్చి, ఒక్క కుదుపుతో అడ్డం తిరిగి, తోకని గోడవైపు విసిరేది. ఈ రోజు పొద్దున మొదటి జతలో వెనకచక్రం గీత దాటింది. ఇతను బిళ్ళ ఎత్తాడు. రెండో జతలోనూ దాటింది. మళ్ళీ ఎత్తాడు. ఆ రెండుసార్లూ ఎదుటివాళ్ళు బొంగరంలా తిరిగి ఆగిపోయారు కాబట్టి నీలం కారు గట్టెక్కింది.

"నలభై నాలుగేళ్ళొచ్చాయి. కళ్ళు ఆనడం లేదు వాడికి" అన్నాడు గీతలాయన.

"నీకెంత సంబరమయ్యా" అన్నాడు మంటలాయన.

ఆఖరి జతకి నీలం కారుకి ఎదురు పళ్ళడాక్టరు వచ్చాడు. వారమంతా పళ్ళు పీకి, ఆదివారం కారు నడుపుతాడు. మంచివాడే. జాగ్రత్తపరుడు. మొదటి పరుగులో నీలం కారు ముందు, డాక్టరు వెనక. రెండోదానిలో మారతారు. రెండు కార్లూ కలిసి వంపులోకి వచ్చేసరికి నేల అదిరింది. నీలం కారు తోక గోడమీదికి వచ్చి, గోడని తాకకుండా, ఊపిరి పట్టినట్టు ఒక క్షణం అంచున నిలిచి, అలాగే పొడుగునా జారిపోయింది. జనం లేచి నిలబడ్డారు. పొగలో గీతలాయనకి చక్రం కనపడింది. గీత కనపడింది. చక్రం గీతకి అవతల ఉంది.

రేడియో గరగరలాడింది. "మూడో వంపు, నీలం కారు. దాటిందా? మాకు పొగ తప్ప ఏం కనపడలేదు."

"దాటింది."

"ఖాయమా?"

"జానెడు దాటింది."

ఎంత దాటిందని ఎవరూ అడగలేదు. తన గొంతు హుషారుగా పలికిందని అతనికే తెలిసింది. మంటలాయన ఒకసారి ఇటు చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

రెండో పరుగు ఇద్దరూ సమానంగా చేశారు. నాలుగూ పదికి ఫలితం చెప్పారు. ఒక్క మార్కు తేడాతో పళ్ళడాక్టరు గెలిచాడు. కప్పూ అతనిదే, సీజనూ అతనిదే. మైకువాడు, "మీ పళ్ళూ మీ టైర్లూ జాగ్రత్త!" అని అరిచాడు. జనం నవ్వారు.

జనం అటు పోతుంటే గీతలాయన గోడ దాటి వచ్చి సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. తాడు చుట్టాడు. శనివారం నుంచి తారులోనే ఉండిపోయిన మేకుని పట్టుకు లాగాడు. సులువుగా వచ్చేసింది. అంత సులువుగా రాకూడదు. వంగి చూశాడు. బెజ్జం అంచులు అరిగి, వెడల్పై, పాతబడి ఉన్నాయి. గోడవైపు మూరెడుకి తక్కువ దూరంలో ఇంకో బెజ్జం ఉంది. దుమ్ము, రబ్బరుపొట్టు నిండి ఉంది. వేలు పెట్టి గెలికాడు. అంచులు పదునుగా, కొత్తగా తగిలాయి.

మొన్న శుక్రవారం తనే వేసిన బెజ్జం అది. ఈ ఏడు మొదటి పందెం కూడా ఈ మైదానంలోనే జరిగింది. అప్పుడు పట్టీ కాస్త లోపలికి ఉండేది. కార్లకి చోటు చాలడం లేదని ఈసారి బయటికి జరిపించారు. శుక్రవారం సరిగ్గానే వేశాడు. శనివారం ఎండ కళ్ళలో పడుతుంటే, కాలికి తగిలిన బెజ్జంలో మేకు దింపాడు. అది పాత బెజ్జం. గీత ఇవతలి కొసన సరిగ్గా మొదలై, అవతలికి పోయేకొద్దీ లోపలికి వాలింది. గజం దూరంలో జారేవాళ్ళకి ఆ వంకర ఏమీ చెయ్యలేదు. రెండు రోజులు సాధన చేసిన అంచుని కళ్ళు మూసుకుని కూడా పట్టగలవాడికి మాత్రమే చేసింది. వాడు దాటింది తప్పుడు గీతని. అసలు గీతకి వాడు లోపలే ఉన్నాడు.

అవతలి కొసన మనిషి ఉండి ఉంటే, "ఇదేంటి, మేకు పాతదాంట్లో పెట్టావు?" అనేది.

గడియారం చూసుకున్నాడు. నాలుగూ ఇరవై ఎనిమిది. ఫలితం మీద ఎవరికైనా అభ్యంతరముంటే అరగంటలో రేకుగదిలో గుమాస్తావిడకి రాసివ్వాలి. నాలుగూ నలభై దాకా గడువుంది. పన్నెండు నిమిషాలు. రేకుగది ఇక్కడికి కనపడుతూనే ఉంది. నడిస్తే రెండు నిమిషాలు.

అతను కుళాయి దగ్గరికి వెళ్ళి కుంచె కడగడం మొదలుపెట్టాడు. కిరసనాయిల్లో ముంచి వేళ్ళతో వెంట్రుకలు విడదీశాడు. పిడి దగ్గర గడ్డకట్టిన రంగుని గోటితో గీకాడు. మళ్ళీ ముంచాడు. సబ్బు పట్టించాడు. నీళ్ళు పాలలా పోయాయి, తర్వాత మజ్జిగతేటలా, తర్వాత నీళ్ళలా. పనిలో చేరిననాటి నుంచి ఏ కుంచెనీ అంత శుభ్రంగా కడగలేదు. నాలుగూ నలభై ఒకటికి విదిలించి, బండిలో పెట్టాడు.

బహుమతుల అరుగు మీద రెండో మెట్టున బావమరిది నిలబడి ఉన్నాడు. హెల్మెట్టు చంకలో ఉంది. డాక్టరు కప్పు ఎత్తుతుంటే చప్పట్లు కొడుతున్నాడు. మూడేళ్ళ కిందట ఇలాంటి కప్పే ఒకటి తెచ్చాడు. అక్క ఆసుపత్రిలో రెండు రోజులు వాణ్ణే అడిగి అడిగి పోయింది. వాడు మర్నాడు వచ్చాడు, కారు వెనకసీట్లో కప్పుతో. గీతలాయన ఆ కప్పు తీసి రోడ్డు మీద పెట్టి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు మళ్ళీ తియ్యలేదు.

ఇప్పుడు సమానమైంది అనుకున్నాడు. ఆ మాట గదికి పోయేదాకా నడుస్తూ అనుకున్నాడు. గదిలో, కుళాయి దగ్గర తడిసిన తాడుని కుర్చీ వీపు మీద ఆరేసి, అన్నం వండుకోకుండా, దాని ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. గుడ్డముడి కుర్చీ మీంచి వేలాడుతోంది. ఎంతసేపు అనుకున్నా ఆ మాట కడుపులో నిలవలేదు.

*

సోమవారం పొద్దున ఎనిమిదింటికి రేకుగది తలుపు తీసేసరికి అతను తాడుచుట్ట భుజానేసుకుని మెట్టు మీద ఉన్నాడు. గుమాస్తావిడ తాళంచెవుల గుత్తి చేతిలో పట్టుకుని, "ఏంటి, జీతం వారం తర్వాత" అంది.

"జీతం కోసం కాదమ్మా." మేకుని బల్ల మీద పెట్టాడు. "మూడో వంపు గీత తప్పు. నేనే తప్పు బెజ్జంలో కొట్టాను. నీలం కారు దాటలేదు. రాసుకో."

ఆవిడ మేకునీ అతన్నీ మార్చి మార్చి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిన్న ఆయన కూడా వచ్చాడు."

"ఎవరు?"

"నీలం కారాయన. ఇదే మాట మీద. గీత వంకరగా ఉందని, అడుగులతో కొలిచి చూసుకుని వచ్చాడు. కాగితం ఇచ్చాను. సగం రాశాడు. రాస్తూ రాస్తూ ఆగి, తప్పని తేలితే ఎవరిని పట్టుకుంటారమ్మా అన్నాడు. గీసినవాణ్ణి, ఇంకెవర్ని పట్టుకుంటారు అన్నాను. మళ్ళీ పనికి పిలుస్తారా అన్నాడు. ఒకరి సీజను పోగొట్టినవాణ్ణి ఎలా పిలుస్తారు అన్నాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. 'నా చూపే బాలేదులే తల్లీ' అని దిగిపోయాడు."

"ఎన్నింటికి?"

"నాలుగూ ముప్పై అయిదు అయి ఉంటుంది."

ఆ వేళకి తను కుళాయి దగ్గర కుంచె కడుగుతున్నాడు. గీతలాయన మొహం ఎర్రబడింది.

"వాణ్ణెవడు అడిగాడు నా మీద దయ చూపించమని?"

"నామీద అరుస్తారేంటి?"

"రాసుకో అంటున్నానుగా."

"వినండి. రాస్తే మీ పని పోతుంది. ఫలితం మాత్రం మారదు, గడువు దాటిపోయింది. కప్పు డాక్టరుగారి ఇంటికి చేరిపోయింది కూడా. ఎవరికి లాభం?"

"లాభానికి కాదు. రాసుకో."

ఆవిడ నిట్టూర్చి, సొరుగులోంచి కాగితం తీసి గళ్ళు నింపడం మొదలుపెట్టింది. ఒక గడి దగ్గర ఆగింది. "తప్పు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. నాలుగూ ఇరవై ఎనిమిదికి."

కలం ఆగింది. "అప్పటికి గడువుంది."

"ఉంది."

ఆవిడ అంకె వేసింది. దాన్ని గుండ్రంగా, అవసరమైన దానికన్నా నెమ్మదిగా వేసింది. తర్వాత, "తేడా ఎంత? సెంటీమీటర్లలో కావాలి. కొంచెం వంకర అని రాస్తే పెద్ద జడ్జి నన్ను తింటాడు. కొలిచి రండి" అంది. అతను మేకు తీసుకోబోయాడు. "అది ఇక్కడే ఉండాలి. కాగితంలో రాశానుగా."

మైదానం ఖాళీగా ఉంది. చెత్తబుట్టలు పొర్లిపోయి ఉన్నాయి. కాగితం కప్పులు గాలికి గోడవెంట దొర్లుతున్నాయి. షెడ్డు ముందు నీలం కారు ఒక్కటే ఉంది. దాని పక్కన అరిగిన టైర్ల దొంతర మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. లాగే లారీ కోసం కాబోలు. గీతలాయన అటు చూడకుండా మూడో వంపుకి నడిచాడు.

సరైన గీత ఎక్కడ పడాలో తెలియాలంటే, ఇవతలి గుర్తు నుంచి కొత్త బెజ్జం దాకా తాడు బిగలాగి, దానికీ వేసిన గీతకీ మధ్య ఖాళీని స్కేలుతో కొలవాలి. మేకు లేదు. గుర్తు మీద తాడు పెట్టి, దాని మీద ఇటుక పెట్టాడు. అవతలికి నడిచి లాగాడు. ఇటుక జారి తాడు వదులైంది. వెనక్కి వచ్చి రెండు ఇటుకలు పెట్టాడు. లాగాడు. అవీ వచ్చేశాయి. మూడోసారి వచ్చేసరికి ఇటుకల దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు.

బావమరిది ఇటుకలు పక్కకి తీసేశాడు. తాడు కొస చేతిలోకి తీసుకుని, గుడ్డముడిని బొటనవేలితో తడిమాడు.

"అక్క ముడి."

గీతలాయన నిలబడే ఉన్నాడు. దగ్గరగా చూస్తే వాడి చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. మూడేళ్ళ కిందట లేవు.

"కాగితం ఎందుకు ఇవ్వలేదు?"

"ఇంకా జేబులోనే ఉంది."

"నామీద జాలా?"

"జాలిపడటానికి నువ్వేమన్నా మెత్తటి మనిషివా బావా? నిన్ను చూస్తే జాలే పారిపోతుంది." వాడు నేలవైపు చూశాడు. "నీకు ఈ గీతలు తప్ప ఏమున్నాయి, అనుకున్నాను. అంతే."

"నీకు ఆ కప్పు తప్ప ఏముంది?"

"అదీ లేదుగా."

గాలికి ఒక కాగితం కప్పు వచ్చి వాళ్ళిద్దరి మధ్య ఆగింది. ఇద్దరూ దాన్నే చూశారు.

"నిన్ననే తెలుసు నాకు" అన్నాడు గీతలాయన. "పన్నెండు నిమిషాలు గడువుండగానే. వెళ్ళలేదు. కుళాయి దగ్గర కూర్చుని కుంచె కడుక్కున్నాను."

బావమరిది తలెత్తి అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏడాదంతా, అయిదు పందేలు, ఎన్ని జతల టైర్లో, ఎన్ని సోమవారాల మరమ్మత్తులో, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. కొడతాడేమో అనుకున్నాడు గీతలాయన. కొడితే బాగుండుననుకున్నాడు.

"శుభ్రంగా కడిగావా?" అన్నాడు బావమరిది.

"కడిగాను."

"మంచిది."

 తర్వాత గీతలాయన అన్నాడు, "దీనికీ దానికీ చెల్లు కాదు."

"చెల్లని నేనన్నానా?"

"రెండు రోజులు నిన్నే అడిగింది. పందెం ముఖ్యమైందా నీకు?"

"పందెం కాదు బావా." వాడు తాడుకొసని వేలికి చుట్టి విప్పాడు. "ఆసుపత్రి గేటు దాకా వచ్చాను. రెండుసార్లు. భయమేసింది. పందెం ఉంది, పందెం ఉంది అని నాకు నేనే చెప్పుకుని వెనక్కి తిప్పాను. గోడమీదికి కారు విసరడానికి నాకు భయం లేదు. ఆ మంచం దగ్గరికి రావడానికి కాళ్ళు రాలేదు."

"నాకూ భయమేసింది" అన్నాడు గీతలాయన. "నేను ఉన్నాను."

"ఊఁ." వాడు తల ఊపాడు. "నువ్వున్నావు."

  దూరంగా గేటు దగ్గర లారీ హారను కొట్టింది. బావమరిది అటు చెయ్యి ఊపి ఆగమన్నాడు. గుడ్డముడిని పిడికిట్లో పట్టుకుని, ఒక మోకాలు నేలకి ఆనించి, కొసని సరిగ్గా గుర్తు మీద పెట్టాడు. చిన్నప్పుడు ఎవరు నేర్పారో, తాడు పట్టే పద్ధతి వాడికి తెలుసు.

గీతలాయన ఇరవై మీటర్లూ నడిచి, కొత్త బెజ్జం మీద తాడు పెట్టి లాగాడు. అవతలి నుంచి కూడా లాగింది.  మేకు ఏనాడూ తిరిగి లాగలేదు. తాడు బిగిసి, నేలకి అంటీ అంటకుండా సన్నగా వణికి నిలిచింది. కింద తెల్లగీత పక్కకి తప్పుకుని, తాగినవాడి నడకలా లోపలికి పోతోంది. తాడు కొసని బూటుతో తొక్కిపట్టి, వంగి స్కేలు పెట్టాడు. ముప్పై ఒకటి. ఇంకోసారి పెట్టాడు. ముప్పై ఒకటే. జేబులోంచి సుద్దముక్క తీసి అరచేతి మీద రాసుకున్నాడు. గుమాస్తావిడకి కావలసింది ఇంతే.

లారీ మళ్ళీ హారను కొట్టింది.

"బావా!" అవతలి కొస నుంచి కేక వచ్చింది. ఆ గొంతులో ఏదో ఒక మూల, ఒకే కడుపున పుట్టినవాళ్ళకి ఉండే జీర. "వదిలేనా?"

అతను అరచేతిలోని అంకె చూసుకున్నాడు. స్కేలు మళ్ళీ నేలకి ఆనించాడు.

"ఉండు" అన్నాడు. "సరిగ్గా చూడనీ."